చెన్నై ఆసుపత్రికి భూకంప రక్షణ: ఏ దారి ఎవరికి?

చెన్నైలో ఆసుపత్రి నడిపేవారికి వరద భయం ఉంది, తుపాను భయం ఉంది, అగ్నిమాపక తనిఖీ భయం ఇంకా ఎక్కువే ఉంది. భూకంపం మాట ఎత్తితే మాత్రం "అది గుజరాత్‌లో, నేపాల్‌లో కదా" అంటారు. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి కోడంబాక్కంలోనో విల్లివాక్కంలోనో నర్సింగ్ హోం పెట్టుకున్న తెలుగు వైద్యుల నోటా ఇదే మాట వింటాను. అందుకే ముందు ఊరి సంగతి చెప్పి, తర్వాత ఎంపికల్లోకి వస్తాను.

2001 సెప్టెంబరు 25 రాత్రి పుదుచ్చేరి తీరానికి ఆవల సముద్రంలో 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెన్నై జనం ఇళ్లు వదిలి వీధుల్లోకి పరుగెత్తారు. మరుసటి ఏడాది, భూకంపాన్ని తట్టుకునేలా భవనాలు కట్టడానికి పాటించే భారత ప్రమాణం ఐఎస్ 1893ను సవరించినప్పుడు చెన్నై రెండో జోన్ నుంచి, ప్రమాదం మరింత ఎక్కువగా లెక్కించే మూడో జోన్‌కు మారింది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన కంపనం, 2012 ఏప్రిల్ 11న హిందూ మహాసముద్రంలో వచ్చిన 8.6 తీవ్రత భూకంపం కూడా ఇక్కడి భవనాలను ఊపాయి. మన వైపు చూసినా ఒంగోలు దగ్గర 1967లో, భద్రాచలం దగ్గర 1969లో, ములుగు దగ్గర 2024 డిసెంబరు 4న భూమి కదిలింది. ఇక 1993లో లాతూరు ప్రాంతం దెబ్బతినే నాటికి అది పటంలో అన్నింటికంటే తక్కువ ప్రమాదపు జోన్‌లో ఉంది. అక్కడ పోయిన ప్రాణాలు దాదాపు పది వేలు.

అలాగని చెన్నైని భుజ్‌తో సమానంగా చూడనవసరం లేదు. ఐఎస్ 1893 2016 ప్రతిలో భుజ్‌కు జోన్ గుణకం (ఊరి భూకంప ప్రమాదానికి కొలత) 0.36, చెన్నైకి 0.16, బెంగళూరుకు 0.10. ప్రమాదం మధ్యస్థం కనుక ఖర్చూ ఆ మేరకే ఉండాలి, కాకపోతే సరైన చోట పడాలి. నా లెక్కలో చెన్నైలోని చాలా ఆసుపత్రులకు మొదటి రూపాయి వెళ్లవలసింది ఆక్సిజన్ మానిఫోల్డ్‌కు (సిలిండర్లను కలిపి పైపుల్లోకి పంపే ఏర్పాటు), జనరేటర్‌కు, పైపులకు. రెండోది కింద ఉన్న స్టిల్టు పార్కింగ్‌కు. బ్రోషర్లలో మెరిసే బేస్ ఐసొలేషన్ (భవనాన్ని రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టడం) వంతు చాలా తర్వాత వస్తుంది. ఎందుకో చెబుతాను.

నిలబడే భవనం, నడిచే ఆసుపత్రి

1971 ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో భూకంపంలో ఓలివ్ వ్యూ అనే కొత్త ఆసుపత్రి కింది అంతస్తు స్తంభాలు విరిగి పాడైపోయింది. తర్వాత దాన్ని పడగొట్టి, అదే ప్రాంగణంలో ఉక్కు పలకల గోడలతో, కాంక్రీటు గోడలతో చాలా దృఢంగా మరో భవనం కట్టారు. 1994 జనవరిలో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. ఈసారి భవనం చట్రానికి చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. కానీ స్ప్రింక్లర్ పైపులు, ఏసీ చల్లనీటి పైపులు పగిలి నీళ్లు అంతస్తుల్లోకి కారాయి. రోగులను ఖాళీ చేయించక తప్పలేదు. స్తంభాలు గెలిచాయి, పైపులు ఓడించాయి.

ఇల్లయితే ప్రాణాలతో బయటపడితే చాలనుకుంటాం. ఆసుపత్రికి అసలు పని మొదలయ్యేదే భూకంపం ఆగాక. పైగా ఆసుపత్రి పెట్టుబడిలో చట్రం వాటా చాలా చిన్నది. తరచుగా ఉదహరించే ఒక అమెరికన్ అధ్యయనంలో అది 8 శాతం. మిగిలినదంతా గోడలు, పైపులు, విద్యుత్తు, యంత్రాలు, సామాను. మన దగ్గర యజమాని, ఇంజినీరు తలబద్దలు కొట్టుకునేది ఆ 8 శాతం గురించే. మిగతాది ఇంటీరియర్ కాంట్రాక్టరుకూ ఏసీ కాంట్రాక్టరుకూ వదిలేస్తారు. పైన పటారం లోన లొటారం అన్నది ఇలాంటి లాబీలు చూశాకే పుట్టిందేమో అనిపిస్తుంది.

అద్దె భవనమా, సొంత కట్టడమా

అపార్ట్‌మెంటునో వాణిజ్య భవనాన్నో అద్దెకు తీసుకుని నర్సింగ్ హోంగా మార్చడం చెన్నైలో మామూలు. చౌక, త్వరగా పని మొదలవుతుంది. ఇందులో దాగిన చిక్కును ఒక చిన్న లెక్క బయటపెడుతుంది. ఐఎస్ 1893 ప్రకారం ఆసుపత్రికి ప్రాముఖ్య గుణకం (భవనం ఎంత ముఖ్యమో దాన్నిబట్టి బలాన్ని పెంచే అంకె) 1.5, మామూలు నివాస భవనానికి 1. చెన్నైలో తక్కువ ఎత్తున్న, వంగి తట్టుకునేలా కట్టిన కాంక్రీటు చట్రానికి లెక్క వేస్తే, ఆసుపత్రిని దాని బరువులో 6 శాతం మేర పక్కకు తోసే బలాన్ని, అపార్ట్‌మెంటును 4 శాతాన్ని తట్టుకునేలా రూపకల్పన చేస్తారు. అంటే నిబంధనలన్నీ తు.చ. తప్పకుండా పాటించిన అపార్ట్‌మెంటు కూడా ఆసుపత్రిగా మారిన రోజునే మూడో వంతు తక్కువ బలంతో మొదలవుతుంది. దాని మీద స్కానింగ్ యంత్రం, టెర్రస్ మీద కొత్త నీళ్ల ట్యాంకులు, తలుపుల కోసం పగలగొట్టిన గోడలు అదనం.

భవనం 2002కు ముందుదైతే రెండో జోన్ లెక్కలతో కట్టి ఉండవచ్చు, లేదా భూకంపం లెక్కే లేకుండా బరువు మోయడానికి మాత్రమే కట్టి ఉండవచ్చు. నన్నడిగితే, పదేళ్లకు మించి ఉండాలనుకునేవారు ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రిని స్టిల్టు మీద నిలబడిన పాత అపార్ట్‌మెంటులో పెట్టవద్దు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల. అవుట్‌పేషెంట్ క్లినిక్, డయాగ్నస్టిక్ సెంటరు అయితే అంత పట్టింపు అక్కర్లేదు. నడిచి వచ్చినవారు నడిచి బయటికి వెళ్లగలరు.

స్థలం విషయంలో చెన్నై ఒకే ఊరు అనుకోకూడదు. పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ వైపు లోతు తక్కువలోనే చార్నకైట్ రాయి తగులుతుంది. సముద్రపు ఒడ్డున ఇసుక, అడయారు, కూవం నదుల పక్కన ఒండ్రు, పళ్లికరణై, వేళచ్చేరి వైపు చిత్తడి నేల మీద పోసిన మట్టి. నీటితో నిండిన వదులు ఇసుక కంపనానికి ద్రవంలా మారి పునాదిని జారవిడుస్తుంది. మెత్తని మన్ను కంపనాన్ని పెంచి పైకి పంపుతుంది. ధర తక్కువని చిత్తడి వైపు స్థలం కొంటే, మిగిలిన డబ్బు పైల్ పునాదుల్లోకి పోతుంది, వరద ముప్పు అదనంగా చేతికొస్తుంది. రెండు స్థలాల మధ్య ఊగిసలాడుతుంటే రెండింటిలోనూ బోరు వేయించి మట్టి పరీక్ష నివేదికలు పక్కపక్కన పెట్టి చూడండి. వాస్తు చూసే ముందే.

కొత్తగా కడుతుంటే

మూడు దారులున్నాయి: స్తంభాలు, దూలాలతో సాగే గుణమున్న చట్రం, ఆ చట్రంతో పాటు షియర్ వాల్స్ (పక్కకు ఊగకుండా ఆపే కాంక్రీటు గోడలు), కింద బేస్ ఐసొలేషన్.

మొదటిది చెన్నైలో ఎలాగూ తప్పనిసరి. మూడో జోన్, ఆపైన ఉన్న ఊళ్లలో, చట్రానికి సాగే గుణం వచ్చేలా కడ్డీలు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 ప్రకారం కాంక్రీటు పని చేయాలి. స్తంభాల చివర్లలో రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు మించకూడదు, రింగు కొస 135 డిగ్రీలు వంగి లోపలి కాంక్రీటులోకి దిగాలి, దూలం కంటే స్తంభం బలంగా ఉండాలి. డ్రాయింగులో ఇవన్నీ ఉంటాయి. సైటులో కడ్డీలు కట్టే మనిషికి 90 డిగ్రీల కొక్కెం సులువు. కాంక్రీటు పోసే ముందు రోజు ఎవరైనా వెళ్లి చూడకపోతే అదే మిగులుతుంది. ఈ తనిఖీకి పెట్టే ఖర్చు మొత్తం కట్టుబడిలో లెక్కలోకి రానంత చిన్నది. దీన్ని వదిలేసి పెద్ద పెద్ద పరికరాల గురించి మాట్లాడడంలో అర్థం లేదు.

షియర్ వాల్స్ కలిపితే భవనం ఊగడం తగ్గుతుంది. ఊగడం తగ్గితే ఇటుక గోడలు పగలడం, తలుపులు బిగుసుకుపోవడం, పైపులు విరగడం కూడా తగ్గుతాయి. నాలుగు నుంచి పది అంతస్తుల చెన్నై ఆసుపత్రికి నేను ఎంచుకునేది ఇదే. లిఫ్టు, మెట్ల చుట్టూ ఒక మూలన మాత్రమే గోడలు పెడితే భవనం మెలితిరుగుతుంది. రెండు దిశల్లోనూ, వీలైనంత సమంగా, పునాది నుంచి పైకప్పు దాకా తెగకుండా ఉండాలి. "కింద కార్లు తిరగడానికి అడ్డు" అని ఆర్కిటెక్టు గోడను మొదటి అంతస్తులోనే ఆపేయమంటే ఒప్పుకోకండి. చిక్కు ఒకటే: గోడ ఎక్కడ పెట్టారో అక్కడ రేపు వార్డు మార్చుకోవడం కష్టం. గట్టి భవనంలో పై అంతస్తుల్లో కుదుపు కాస్త పదునుగానే ఉంటుంది కనుక సామాను బిగించడం తప్పదు.

బేస్ ఐసొలేషన్ అంటే పునాదికీ భవనానికీ మధ్య రబ్బరు, ఉక్కు పొరల దిమ్మెలు పెట్టడం. భూమి గబగబా కదులుతుంటే పైన భవనం నెమ్మదిగా, ఒకే ముద్దగా జరుగుతుంది. లోపలి యంత్రాలకు ఇంతకంటే మంచి రక్షణ లేదు. నార్త్‌రిడ్జ్ భూకంపంలో లాస్ ఏంజిల్స్‌లోని యూఎస్‌సీ యూనివర్సిటీ హాస్పిటల్ దీనివల్లే పని ఆపలేదు. 2001లో కూలిన భుజ్ సివిల్ ఆసుపత్రి స్థానంలో కట్టిన కొత్త ఆసుపత్రినీ ఇలాంటి దిమ్మెల మీదే నిలబెట్టారు. 2023 ఫిబ్రవరిలో టర్కీలో ఈ ఏర్పాటు ఉన్న ఆసుపత్రులు చికిత్స కొనసాగిస్తే, ఇస్కెందెరున్‌లో పాత ప్రభుత్వ ఆసుపత్రి భవనం కూలింది.

ఇంత మంచిదైతే చెన్నైలో వెనకాడడం ఎందుకు? భవనం చుట్టూ అది జరగడానికి ఖాళీ కందకం కావాలి. చెన్నైలో సెట్‌బ్యాక్ వదలడానికే యజమాని ఏడుస్తాడు. ఆ కందకంలో వాన నీరు చేరకుండా చూడాలి. లోపలికి వచ్చే ప్రతి నీటి, గ్యాసు, మురుగు, కరెంటు లైనుకూ సాగే కీళ్లు కావాలి. దిమ్మెలను ఏళ్ల తరబడి పరీక్షించాలి. చాలా ఎత్తయిన భవనానికీ, మెత్తని మన్ను మీది భవనానికీ దీని లాభం తగ్గుతుంది. సుమత్రా వంటి దూరపు పెద్ద భూకంపాల నుంచి వచ్చే నిదానపు అలలు, మెత్తని నేల కలిస్తే నెమ్మదిగా ఊగే భవనానికి అనుకూలం కాదు. గట్టి నేల మీద, తక్కువ అంతస్తుల్లో, ఊరంతటికీ ట్రామా కేంద్రంగా నిలవవలసిన పెద్ద ఆసుపత్రి కడుతుంటే తప్పక ఆలోచించండి. దీనికి ఐఎస్ 1893 ఆరో భాగం 2022లో వచ్చింది. అరవై పడకల ఆసుపత్రికైతే ఆ డబ్బుతో షియర్ వాల్స్, బిగింపులు రెండూ పూర్తిగా చేసి ఇంకా మిగుల్చుకోవచ్చు.

ఉన్న భవనాన్ని బలపరచాలంటే

పాత కాంక్రీటు భవనాల పరిశీలనకు, బలపరచడానికి ఉన్న ప్రమాణం ఐఎస్ 15988 ప్రకారం ముందు పరిశీలన చేయించాలి. కాంక్రీటు కోర్ నమూనాలు తీయాలి, కడ్డీలు ఎక్కడెన్ని ఉన్నాయో స్కాన్ చేయాలి. తీరానికి దగ్గరి భవనాల్లో ఉప్పు గాలికి తుప్పు పట్టిన కడ్డీలు బయటపడడం అరుదేమీ కాదు; తుప్పుకు మందు వేయకుండా పైన పొర చుట్టడం పుండు కడగకుండా కట్టు కట్టినట్టే.

తర్వాత ఎంచుకోవలసినది పద్ధతి. ఇక్కడ బలం కంటే ముందు అడగవలసినది "రోగులు లోపలుండగా చేయగలమా" అని. స్తంభాల చుట్టూ కొత్త కడ్డీలతో కాంక్రీటు జాకెటింగ్ చేస్తే బలం, బిగువు రెండూ పెరుగుతాయి, చెన్నైలో చేయగల మేస్త్రీలు దొరుకుతారు. కానీ స్తంభం లావెక్కి కారిడార్‌లో స్ట్రెచర్ తిరిగే చోటు తగ్గుతుంది. చప్పుడు, తడి, దుమ్ము తప్పవు. దుమ్ములోని ఆస్పర్‌జిల్లస్ బూజు రోగనిరోధక శక్తి తగ్గిన రోగులకు ప్రాణాంతకం. కీమోథెరపీ, అవయవ మార్పిడి వార్డులున్న అంతస్తుల పక్కన ఈ పనిని మూసిన తెరలు, గాలి వడపోత లేకుండా తలపెట్టనే కూడదు. ఫైబర్ పట్టీలు చుట్టడం పల్చగా, త్వరగా అయిపోతుంది; స్తంభం పగిలి చెదరకుండా బిగించి ఉంచుతుంది. భవనం ఊగడాన్ని మాత్రం అది పెద్దగా తగ్గించదు, మంటకు జిగురు మెత్తబడుతుంది కనుక పైన రక్షణ పూత కావాలి.

బయటి వైపు నుంచి ఉక్కు బ్రేసింగు, లేదా బయటే కొత్త పునాది మీద షియర్ వాల్స్ కలపడం నాకు నచ్చిన దారి. పని చాలావరకు బయటే జరుగుతుంది, వార్డులు నడుస్తూనే ఉంటాయి. స్థలం ఉండాలి, వెలుతురు కొంత పోతుంది, ఉక్కుకు తీరప్రాంతంలో రంగు పని ఎప్పటికీ ఉంటుంది.

చట్రాన్ని బలపరచడానికి డబ్బు ఒక్క పనికే ఉందంటే స్టిల్టు అంతస్తుతో మొదలుపెట్టండి. పైన గదుల నిండా గోడలు, కింద ఖాళీ స్తంభాలు: భుజ్ భూకంపానికి అహ్మదాబాదులో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటి కథ ఇదే. పార్కింగ్‌లో నాలుగు చోట్లు వదులుకుని రెండు దిశల్లోనూ కాంక్రీటు గోడలో ఉక్కు బ్రేసులో పెట్టడం, అంతస్తంతస్తుకూ జాకెటింగ్ చేయడం కంటే చౌక, త్వరగా అయ్యే పని. ఊగే శక్తిని పీల్చుకునే డ్యాంపర్ల గురించి అమ్మకందారులు చాలా చెబుతారు. మధ్యస్థాయి చెన్నై ఆసుపత్రికి అవి అవసరమైన సందర్భాలు తక్కువ.

పాత భవనానికి ఆనుకుని కొత్త బ్లాకు కట్టారా? మధ్య సందు సరిపోకపోతే రెండూ ఢీకొంటాయి. రెండింటి అంతస్తులు ఒకే ఎత్తులో లేకపోతే ఒకదాని స్లాబు మరొకదాని స్తంభం నడుముకు తగులుతుంది. ఆ సందు దాటే ఆక్సిజన్, నీటి పైపులకు సాగే గొట్టాలు ఉన్నాయో లేవో ఈ రోజే చూడవచ్చు.

సామాను బిగించడం: అందరికీ, ముందుగా

జంబో ఆక్సిజన్ సిలిండర్లను చాలాచోట్ల నడుముకు ఒక్క గొలుసుతో కడతారు. అది జారుతుంది, సిలిండరు కింది నుంచి తన్నుకుని పడుతుంది. ఎత్తులో మూడో వంతు దగ్గర ఒకటి, మూడింట రెండు వంతుల దగ్గర మరొకటి కావాలి. ద్రవ ఆక్సిజన్ ట్యాంకుకు పునాది బోల్టులతో పాటు పైపులో వంపు ఉండాలి. ట్యాంకు ఒకలా, భవనం ఒకలా కదిలినా అది తట్టుకుంటుంది.

జనరేటర్‌ను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న చెన్నైలో నిజంగా కష్టమైనది. 2015 డిసెంబరు వరదల్లో ఒక ఆసుపత్రిలో జనరేటర్లు మునిగి ఐసీయూ రోగులు చనిపోయాక అందరూ దాన్ని పైకి ఎక్కించాలంటున్నారు. వరదకు అది సరైనదే. భూకంపానికి ఎంత పైకి పోతే అంత కుదుపు: ఐఐటీ కాన్పూర్ మార్గదర్శకాల సూత్రంలో పైకప్పు మీది యంత్రానికి తీసుకునే బలం నేలమీది దానికి రెట్టింపు. నా ఎంపిక, వరద మట్టానికి పైన ఎత్తయిన కాంక్రీటు దిమ్మె మీద, భవనం పక్కన విడిగా, లేదా మొదటి అంతస్తులో. బేస్‌మెంటు వద్దు. చప్పుడు తగ్గడానికి స్ప్రింగుల మీద పెట్టిన జనరేటర్‌కు పక్కకు జారకుండా ఆపే అడ్డుకట్టలు విడిగా కావాలి. స్ప్రింగులే సరిపోతాయనుకోవడం అతి సాధారణమైన పొరపాటు. డీజిల్ ట్యాంకు, బ్యాటరీ ర్యాకు, యూపీఎస్ ప్యానెల్ బిగించకుండా జనరేటర్ ఒక్కదాన్నే బిగిస్తే అది తిరుగుతుంది, కరెంటు రాదు.

ఫాల్స్ సీలింగ్‌లో పలకలు పేర్చే గ్రిడ్ రకం చౌక, పైపుల మరమ్మతుకు వీలు, కాని కుదుపుకు ముందు రాలేది అదే. జిప్సం బోర్డు గట్టిది, లోపల లీకు వస్తే కోయాలి. బయటికి వెళ్లే కారిడార్లలో, మెట్ల దగ్గర అసలు సీలింగే లేకుండా పైపులకు రంగు వేసి వదిలేయడం నాకు ఇష్టం. అందంగా లేదని యజమాని భార్యో భర్తో అడ్డుపడతారు, అది వేరే పోరాటం. గ్రిడ్ తప్పదనుకుంటే లైట్లను స్లాబు నుంచి విడి తీగలతో వేలాడదీయాలి. ఆపరేషన్ లైటు, గ్యాసు, కరెంటు సాకెట్లతో పైనుంచి వేలాడే పెండెంట్ మాత్రం స్లాబుకే బిగించాలి.

టెర్రస్ ప్లాస్టిక్ ట్యాంకులో పది వేల లీటర్లంటే పది టన్నులు. ఇటుక దిమ్మెల మీద ఊరికే కూర్చోబెట్టిన ట్యాంకు జారితే నీళ్లూ పోతాయి, పైపూ తెగుతుంది. బిగించే బోల్టుల్లో కూడా ఎంపిక ఉంది. రంధ్రంలో ఉబ్బి పట్టుకునే వ్యాకోచపు యాంకరు త్వరగా అవుతుంది, కాంక్రీటు పగుళ్లు ఇస్తే పట్టు వదలవచ్చు కనుక పగిలిన కాంక్రీటుకు కూడా పనికొస్తుందని పరీక్షించిన రకమే కొనాలి. జిగురుతో అతికే రసాయన యాంకరుకు పట్టు ఎక్కువ, కానీ రంధ్రాన్ని బ్రష్షుతో, గాలితో శుభ్రం చేయకపోతే ఆ జిగురంతా దుమ్మునే పట్టుకుంటుంది. ఏదైనా సరే కాంక్రీటులోకి దిగాలి, ప్లాస్టరులోకో తేలిక బ్లాకు గోడలోకో దిగితే ప్రయోజనం లేదు. స్లాబు పోస్ట్ టెన్షన్ రకమైతే (లోపల లాగి బిగించిన ఉక్కు తీగలుండేది) స్కాన్ చేయకుండా డ్రిల్లు పెట్టనివ్వకండి.

మందుల ర్యాకులకు ముందు అంచు, ల్యాబు యంత్రాలకు పట్టీ, వెంటిలేటరు బండికి చక్రాల తాళం: ఇవి ఒక ఆదివారం పని. లిఫ్టు ఆగిపోతుందనే అనుకుని ర్యాంపును ఖాళీగా ఉంచండి. విరిగిన మంచాలు, పాత ఫైళ్లు నిలవ ఉంచడానికి ఎక్కువ ఆసుపత్రులు వాడేది ర్యాంపునే.

బెంగళూరులో అయితే

నేల చాలాచోట్ల గట్టి రాయి, జోన్ కూడా తక్కువ. కాకపోతే పూడ్చిన చెరువుల మీద వెలసిన లేఅవుట్లు అక్కడ తక్కువేమీ కాదు. ఇంకో మెలిక: రెండో జోన్‌లో ఐఎస్ 13920 తప్పనిసరి కాదు, ఐచ్ఛికం. సాగే గుణం లేని సాధారణ చట్రం కట్టినా నిబంధన ఒప్పుకుంటుంది. ఆసుపత్రికి ఆ వెసులుబాటు వాడుకోకండి. రింగులు దగ్గరగా కట్టడానికి అయ్యే అదనపు ఖర్చు స్వల్పమే.

ఎవరితో, ఏమి మాట్లాడాలి

అద్దె భవనంలో ఉన్నవారు స్తంభాల జోలికి పోలేరు. ఒప్పందం పునరుద్ధరించే లోపు సామాను బిగించుకుని, స్టిల్టు సంగతి యజమానితో తేల్చుకోండి. ఒప్పుకోకపోతే ఐసీయూను వేరే చోటికి తరలించే ఆలోచన మొదలుపెట్టండి. సొంత పాత భవనం ఉన్నవారు పరిశీలన, బిగింపులు ఒకేసారి మొదలుపెట్టి, బయటి గోడల పనిని విడతలుగా చేయించవచ్చు. కొత్తగా కట్టేవారు ఇంజినీరును మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి: ప్రాముఖ్య గుణకం 1.5 తీసుకున్నారా, స్టిల్టు అంతస్తును విడిగా సరిచూశారా, పైపులు, యంత్రాల బిగింపు డ్రాయింగులు ఎవరి బాధ్యత. మూడోదానికి "అది ఏసీ కాంట్రాక్టరు చూసుకుంటాడు" అన్న జవాబు వస్తే, కాంట్రాక్టరు ఒప్పందంలో యాంకర్లను లాగి పరీక్షించే షరతు చేర్చి, ఆ పరీక్ష రోజున మీ మనిషిని అక్కడ నిలబెట్టండి.